అలెగ్జాండర్ మాక్సిమోవ్

ఎముక మూలుగను వంటింటి రుచిగా మాత్రమే ఎరిగినవారికి, దాని చుట్టూ ఒక శాస్త్రవేత్త జీవితమంతా నడచినదంటే వింతగా తోచవచ్చును. అలెగ్జాండర్ మాక్సిమోవ్ 1874లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించారు. అక్కడి సైనిక వైద్య అకాడమీలోనే చదివి, 1903లో అక్కడనే ఆచార్య పదవి నలంకరించారు.

రక్తకణాల పుట్టుకను గూర్చి నాటి పండితులు రెండు పక్షాలుగా చీలి ఉండిరి. తెల్లకణాలలో కొన్ని మూలుగలోను, కొన్ని లింఫు కణుపులలోను వేర్వేరు తల్లికణాలకు పుట్టునని ఎర్లిక్ పక్షీయుల వాదం. అన్నిటికీ తల్లి ఒక్కటేయని, అది చూపునకు లింఫోసైటు వంటిదని మాక్సిమోవ్ 1909లో బెర్లిన్ సభలో ప్రతిపాదించారు. మూలకణమన్న మాట ఆయన సృష్టి కాదు; దానికి రక్తశాస్త్రంలో చోటు కల్పించినవారిలో మాత్రం ఆయన ముఖ్యులు. అయితే సూక్ష్మదర్శినిలో కణం ఆకారం కనబడునే గాని దాని సంతానం కనబడదు. వివాదం తెగలేదు.

ఇంతలో విప్లవం వచ్చింది. 1922లో కుటుంబంతో గడ్డకట్టిన సముద్రం మీదుగా ఫిన్లాండుకు తప్పించుకొని, షికాగో విశ్వవిద్యాలయం చేరారు. 1928లో, 54 ఏండ్ల వయస్సులో మరణించునాటికి ఆయన కణజాలశాస్త్ర గ్రంథం అసంపూర్ణం. విలియం బ్లూమ్ దానిని పూర్తిచేసి 1930లో వెలువరించారు.

1961లో టొరంటోలో టిల్, మెకల్లక్‌లు వికిరణానికి గురియైన ఎలుకలకు మూలుగ కణాలనెక్కించగా, వాటి ప్లీహంలో కణసమూహాలు మొలకెత్తాయి. ఒక్క కణమే పలు తెగలను కనగలదని తరువాతి పరిశీలనలు తేల్చాయి. తల్లి ఒక్కటేయన్న మాట నిలిచింది. అది లింఫోసైటన్న మాట నిలువలేదు.

మాకు మరింత విలువైనదిగా తోచేది ఆయన రెండవ ఊహ. పెద్దవారి సంయోజక కణజాలంలో, చిన్న రక్తనాళాల వెంబడి, ఇంకా ఏ రూపమూ స్థిరపడని కణాలు మిగిలి ఉండునని ఆయన భావించారు. తరువాత మాస్కోలో ఫ్రీడెన్‌స్టయిన్ మూలుగ నుండి ఎముకను నిర్మించగల కణాలను వేరుచేశారు. 2001లో అమెరికాలో కొవ్వు నుండియు ఇట్టి కణాలు లభించాయి. తుంటి ఎముకలో సూది దింపి తీసిన మూలుగలో ఇవి వేలల్లో, లక్షల్లో ఒక్కటి. కొవ్వులో అంతకంటె ఎన్నో రెట్లు దొరకును, తీయుటయు సులభం. కాని ఎముకను, మృదులాస్థిని నిర్మించుటలో సాధారణంగా మూలుగ కణాలదే పైచేయి. రక్తం తయారీ కొవ్వు కణాల వల్ల కాని పని; దానికి రక్తమూలకణాలే కావలెను. కొవ్వు కణాలను సర్వరోగ నివారిణిగా అమ్మజూపు వైద్యులకు ఈ భేదం తెలియదనుకొనలేము.

కొవ్వులోని ఆ కణాలు చాలవరకు కనబడినది చిన్న రక్తనాళాల వెంబడినే.