డోర్నకల్లు బిషప్పు అజరయ్య

శేరిలింగంపల్లి మీదుగా సికింద్రాబాదునకు నిజాము రైలు దారి తెరువబడినది 1874వ సంవత్సరమున. ఆ సంవత్సరమే ఆగస్టు 17వ తేదీన, తిరునెల్వేలి సీమలో ఒక పల్లెటూరి క్రైస్తవ గురువు ఇంట వేదనాయకం శామ్యూలు అజరయ్య జన్మించిరి. 1889లో ఆ దారి బెజవాడ వరకు సాగెను. ఆ దారిలోని డోర్నకల్లు ఈ తమిళునికి కర్మభూమి యయ్యెను.

మద్రాసు క్రిస్టియను కళాశాలలో చదివిన పిమ్మట ఆయన 1895లో వై.యం.సి.ఏ. కార్యదర్శిగా సేవ కారంభించిరి. భారతీయులు తమ ధనముతో, తమ మనుష్యులతో సువార్తసేవ సాగింపవలెనను సంకల్పముతో 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సంఘమును స్థాపించినవారిలో ఆయన ముఖ్యులు. 1909లో ఉన్నత పదవిని విడిచి, గురుపట్టము స్వీకరించి, తెలుగు నేర్చుకొని డోర్నకల్లు చేరిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన ప్రథమ భారతీయు లయిరి.

ఆయన మేత్రాసనములోని క్రైస్తవులలో అధికసంఖ్యాకులు మాల మాదిగ పల్లెల కూలివారు. చదువు లేదు, చేత గ్రంథము లేదు. గురువు అనేక గ్రామములకు ఒక్కడు. తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు దొరల పొలములలో చాకిరి. ఆదివారము నాడు మాత్రమే తలచు దేవుడు తక్కిన ఆరు దినములలో వారికి దూరము కాడా? అజరయ్యగారి జీవితమంతయు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే.

వేకువనే లేచి ప్రార్థించుట ఆయనకు నిత్యకృత్యము. పిమ్మట ఎడ్లబండి మీదనో, సైకిలు మీదనో గ్రామసంచారము. అనేక గ్రామములలో బడియే గుడి. పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించు ఉపాధ్యాయుడే, కూలివారు పొలము నుండి తిరిగివచ్చిన పిమ్మట దీపము వెలిగించి ప్రార్థన నడిపెడివాడు. చదువురాని వారు పాటలను, ప్రభువు ప్రార్థనను కంఠస్థము చేసికొనిరి. కంఠమున నున్నది కలుపు తీయుచున్నను, నీరు తోడుచున్నను విడిచిపోదు గదా! బాప్తిస్మము పొందినవారు తమ తలపై చేయి నుంచుకొని, తాము ప్రభువు వారమనియు, ఆయన వార్తను చాటుట తమ విధి యనియు పలుకునట్లు ఆయన నేర్పిరి.

వంటకు బియ్యము కొలుచు వేళ గృహిణి ఒక పిడికెడు దేవునికై వేరొక కుండలో వేయు ఆచారమును సంఘములు పాటించెను. ఇచ్చుటకు తమ యొద్ద నేమియు లేదనుకొనిన బీదలు తామును దాత లైరి. అంతకంటె ముఖ్యముగా, పొయ్యి యొద్ద కూడ దేవుని తలచుట అలవాటయ్యెను. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములపై ఆయన నిరంతరము పోరాడిరి. ఊడ్చిన వాకిలియు, కల్లు మానిన మగడును ఆయన దృష్టిలో ఆరాధనలో భాగములే. ఆయన సతీమణి అన్బు మరియమ్మగారు పల్లె స్త్రీల నడుమ ఈ పనికి తోడు నిలిచిరి.

1930 దశకమున గాంధీ మహాత్ముడు సామూహిక మతాంతరములను గట్టిగా ప్రశ్నించిరి. అజరయ్యగారు మారిన జీవితములనే సాక్ష్యముగా చూపిరి. అయినను క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించిన దేశాభిమాని ఆయన. కులభేదము సంఘములో సయితము సమసిపోలేదు. అది ఆయనకు తీరని చింత.

ఆలయ స్తంభములను, మసీదు గుమ్మటములను తలపించు డోర్నకల్లు మహాదేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1వ తేదీన అజరయ్యగారు పరమపదించిరి. ఆ రాతికట్టడము నేటికిని చూపరుల నాకర్షించుచున్నది. కాని ఆయన కట్టదలచిన గుడి వేరు: కూలివాని నోట పాటగా, గృహిణి చేత పిడికెడు బియ్యముగా, ప్రతిదినము నూతనముగా కట్టుకొనవలసిన గుడి యది.