మోయలేని కెమెరా వద్దనుకున్న ఆస్కార్ బార్నాక్

కెమెరా కోసం డబ్బులు కూడబెట్టుకుంటున్న కుర్రాడు ఇంట్లో ఉంటే ఒక మాట తరచూ వినిపిస్తుంది. అదే ఫుల్ ఫ్రేమ్. కొంటే ఫుల్ ఫ్రేమ్ బాడీయే కొనాలని వాడి పట్టుదల. ధర విని అబ్బా నోరెళ్లబెడతారు. పైగా లెన్సు వేరే కొనాలని తెలిశాక ఆ రోజుకి చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఇంతకీ ఫుల్ ఫ్రేమ్ అంటే లోపల బొమ్మ పడే సెన్సార్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న కెమెరా. ఈ రోజు దాన్ని పెద్ద కెమెరా అనుకుంటున్నాం. కానీ వందేళ్ల కిందట ఆ కొలతను ఎంచుకున్న మనిషికి కావాల్సింది పెద్ద కెమెరా కాదు. ఉబ్బసంతో ఊపిరి ఆడని తన ఒంటికి తగిన చిన్న కెమెరా.

ఆ మనిషి పేరు ఆస్కార్ బార్నాక్. 1879 నవంబర్ 1న జర్మనీలో బెర్లిన్‌కు దక్షిణాన ఉన్న లీనో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పెద్ద చదువులేమీ లేవు. చిన్న వయసులోనే బెర్లిన్ దగ్గర ఒక వర్క్‌షాపులో చేరి, సన్నని యంత్రభాగాలు తయారుచేసే పని ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాడు. పని నేర్చాక ఊరూరా తిరిగి చేతి అనుభవం సంపాదించడం అక్కడి పనివాళ్ల ఆనవాయితీ. అతనూ అలాగే తిరిగి, 1902లో యేనా నగరంలోని కార్ల్ జైస్ కంపెనీలో కుదురుకున్నాడు. లెన్సులకు, మైక్రోస్కోపులకు అప్పటికే పేరున్న కంపెనీ అది. మరుసటి ఏడాది పెళ్లయింది.

ఫొటోగ్రఫీ అతనికి ఉద్యోగం కాదు, షౌక్. సెలవు దొరికితే చాలు, కెమెరా తీసుకుని తురింగియా అడవుల్లోకి వెళ్లేవాడు. ఆ కెమెరా ఎలా ఉండేదో ఊహించుకోవాలి. 13 సెంటీమీటర్ల ఎత్తు, 18 సెంటీమీటర్ల వెడల్పు గాజు ప్లేట్లు, వాటిని పెట్టే చెక్క హోల్డర్లు, పెట్టె, స్టాండు. ఒక్కో ప్లేటుకు ఒక్కటే బొమ్మ. డజను ఫొటోలు తీయాలంటే డజను గాజు పలకలు వీపున మోయాలి. ఉబ్బసం ఉన్నవాడు కొండ ఎక్కడమే కష్టం, ఇక ఈ మూట కూడా అంటే చెప్పేదేముంది.

అప్పట్లో ప్రపంచమంతటా ఇదే పద్ధతి. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా హైదరాబాద్‌లో పేరు మోసిన రాజా దీన్‌దయాళ్ పని చేసింది కూడా గాజు ప్లేట్ల మీదే. పరదా పాటించే ఆడవాళ్ల కోసం ఆయన విడిగా జనానా స్టూడియో పెట్టించారు. స్టూడియోలో, దర్బారులో, వేట శిబిరంలో పెట్టెలు మోయడానికి మనుషులు ఉంటారు కాబట్టి ఆ బరువుతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఒంటరిగా నడిచి వెళ్లి ఫొటో తీసుకోవాలనుకునే మామూలు మనిషికే. దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. బార్నాక్ తలలో చిన్న కెమెరా ఆలోచన మొలిచింది కూడా దాదాపు ఆ ఏడాదే అంటారు.

ఆలోచన చాలా సాదా. నెగెటివ్ చిన్నదిగా తీసుకుని, ఆ తర్వాత ప్రింటు పెద్దది చేసుకుంటే మోసే బరువు తగ్గుతుంది కదా. జైస్‌లో ఉండగానే ఒక పెద్ద ప్లేటు మీద పదిహేను, ఇరవై చిన్న చిన్న బొమ్మలు తీసి చూశాడు. పెద్దవి చేసేసరికి అంతా ఇసుక చల్లినట్టు వచ్చింది. ఆ ప్లేట్లలోని మందు రేణువులు అంత ముతకగా ఉండేవి. ఇప్పుడు చీకట్లో తీసిన ఫొన్ ఫొటోల్లో కనిపించే చుక్కల బాధకు కారణం వేరే, కానీ చూసేవాడి నిరాశ మాత్రం అదే. బార్నాక్ ఆ ప్రయత్నాన్ని పక్కన పెట్టాడు గానీ మరిచిపోలేదు.

జైస్‌లో తనతో పనిచేసిన ఎమిల్ మెఖావ్ అనే మిత్రుడు వెట్స్‌లార్ అనే చిన్న పట్టణంలోని లైట్స్ కంపెనీకి మారాడు. మైక్రోస్కోపులు చేసే కంపెనీ. అతని సిఫారసుతో 1911 జనవరిలో బార్నాక్ అక్కడ ప్రయోగ విభాగానికి పెద్దగా చేరాడు. సినిమా కెమెరాల మీద పని చేస్తుండగా చేతికి దొరికింది 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్మ్. దాని రేణువులు నాజూకు. చుట్టగా ఉంటుంది, పగలదు, అంచుల్లో రంధ్రాలు ఉంటాయి కాబట్టి పళ్లచక్రంతో కచ్చితంగా జరుగుతుంది. జైస్‌లో ఆగిపోయిన ఆలోచనకు ఇక్కడ దారి దొరికింది.

సినిమాలో ఫిల్మ్ నిలువుగా నడుస్తుంది. ఒక్కో బొమ్మ 24 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల ఎత్తు. అంత చిన్న బొమ్మ గోడకు పెట్టే ఫొటోకి చాలదని బార్నాక్‌కి తెలుసు, జైస్‌లో ఒకసారి దెబ్బ తిన్నాడు కదా. అందుకని ఫిల్మ్‌ను అడ్డంగా నడిపించి, రెండు సినిమా బొమ్మల చోటును కలిపి ఒక్క ఫొటోకి ఇచ్చాడు. అలా 24, 36 అయ్యాయి. ఇప్పుడు దుకాణంలో ఫుల్ ఫ్రేమ్ అని అమ్ముతున్నది ఈ లెక్కనే. అతని పాత ప్లేటుతో పోలిస్తే ఈ బొమ్మ వైశాల్యం 27వ వంతు. అంత తగ్గించినా ఫొటో నిలబడుతుందని అతను నమ్మాడు. ఇంకా తగ్గిస్తే నిలబడదనీ నమ్మాడు. ఫుల్ ఫ్రేమ్ అంటే గొప్పతనం కోసం పుట్టిన కొలత అనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. అది భుజం మీది బరువుకీ, కాగితం మీది బొమ్మకీ మధ్య కుదిరిన రాజీ.

1914 వసంతానికి కెమెరా తయారైంది. జేబులో పడుతుంది. ఫిల్మ్ తిప్పితే షట్టర్ కూడా దానంతటదే బిగుసుకునేలా రెండింటినీ కలిపాడు. దాంతో ఒకే చోట రెండుసార్లు ఫొటో పడే బెడద పోయింది. లోపం లేకపోలేదు. ఫిల్మ్ తిప్పేటప్పుడు షట్టర్ సందులోంచి వెలుతురు పడకుండా లెన్సుకి మూత పెట్టాల్సి వచ్చేది. ఆ ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యాన్ని సమీకరిస్తున్నట్టు వెట్స్‌లార్ వీధిలో నోటీసు అంటించినప్పుడు బార్నాక్ ఈ కెమెరాతోనే ఫొటో తీశాడు. 1920లో ఊళ్లోకి వరద నీళ్లు వస్తే అవీ తీశాడు. స్టాండు నిలబెట్టి, గుడ్డ కప్పుకుని తీసే కెమెరాతో అలాంటి సందడిలో పని జరగదు.

యుద్ధంతో కెమెరా తయారీ మాట మూలపడింది. యజమాని చనిపోయి, కొడుకు ఎర్న్‌స్ట్ లైట్స్ చేతికి కంపెనీ వచ్చింది. 1923లో దాదాపు పాతిక కెమెరాలు చేసి, వాడి చూడమని తెలిసినవాళ్లకు ఇచ్చారు. వచ్చిన అభిప్రాయాలు రకరకాలు. ఇంత బుల్లి నెగెటివ్‌తో పనేం జరుగుతుందని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. అప్పుడు జర్మనీ పరిస్థితి చూస్తే రొట్టె ధర కోట్ల మార్కులు దాటిన రోజులు. మైక్రోస్కోపులు అమ్ముకునే కంపెనీ, ఎవరూ అడగని కెమెరా మీద డబ్బు పెట్టి మునిగితే ఊరంతా వీధిన పడుతుంది. 1924 జూన్‌లో ముఖ్యులందరినీ కూర్చోబెట్టి గంటల తరబడి చర్చించారు. ఎక్కువమంది వద్దన్నారు. అందరి మాటా విన్న లైట్స్ చివరికి తయారుచేద్దామని తేల్చేశాడు. పనివాళ్ల చేతికి పని ఉండాలన్న ఆలోచన కూడా ఆ నిర్ణయం వెనక ఉంది. బార్నాక్ ఇరవై ఏళ్ల షౌక్ ఆ ఒక్క సమావేశంలో గట్టెక్కింది.

1925 వసంతంలో లైప్‌జిగ్ సంతలో ఆ కెమెరా లైకా పేరుతో జనం ముందుకు వచ్చింది. కంపెనీలోనే ఉన్న మాక్స్ బెరెక్ దానికి 50 మిల్లీమీటర్ల లెన్సు తయారుచేశాడు. చిన్న నెగెటివ్‌ను అంత పెద్దది చేసినా బొమ్మ చెదరకుండా నిలిచిందంటే సగం ఘనత బెరెక్‌ది. బాడీ మీదే డబ్బంతా పోసి, లెన్సు దగ్గర చెయ్యి బిగబట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన పేరు అది.

అప్పటికి బాడీ వేరు, లెన్సు వేరు అనే మాటే లేదు. రెండూ అతికించి వచ్చేవి. 1930లో లెన్సు విప్పి మార్చుకునే లైకా వచ్చింది. అయితే ఏ బాడీకి సరిచేసిన లెన్సు ఆ బాడీకే. 1931లో కొలతలు స్థిరపరిచాక ఏ లెన్సైనా ఏ బాడీకైనా పట్టింది. ఆ మరల లెన్సులు చిన్న అడాప్టర్ ఉంటే ఈనాటి మిర్రర్‌లెస్ ఫుల్ ఫ్రేమ్ బాడీలకూ పడతాయి. 1932లో దూరాన్ని చూసి లెన్సును సరిచేసే రేంజ్‌ఫైండర్ బాడీలోనే కలిసింది. పాత లైకా ఉన్నవాళ్లు దాన్ని ఫ్యాక్టరీకి పంపి, డబ్బు కట్టి కొత్త హంగులు పెట్టించుకునే సౌకర్యం కూడా కంపెనీ ఇచ్చింది. ఏడాదికో కొత్త మోడల్ వచ్చే మన కాలంలో ఈ సంగతి వింటే విచిత్రంగానే ఉంటుంది.

ఇప్పుడు మామూలు కెమెరాల్లో ఉండే ఏపీఎస్‌-సీ సెన్సార్ దాదాపు 23.5, 15.6 మిల్లీమీటర్లు. ఫుల్ ఫ్రేమ్ వైశాల్యం దానికి 2.3 రెట్లు. పెళ్లి హాల్లో తక్కువ వెలుతురులో తీసినా, పెద్ద ప్రింటు వేసినా తేడా తెలుస్తుంది. కానీ ఆ సెన్సార్‌ను నింపే లెన్సులు కూడా పెద్దవి, బరువువి. బార్నాక్ వేసుకున్న లెక్కే కొనేవాళ్లు మళ్లీ వేసుకోవాలి. అడవిలోకో, చార్మినార్ గల్లీల్లోకో ఆ సంచీతో నడిచి వెళ్తామా, లేక బీరువాలో పెట్టి ఫోన్‌తో కానిచ్చేస్తామా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

బార్నాక్ చివరిదాకా లైట్స్ కంపెనీలోనే పనిచేశాడు. ఊపిరి బాధ కూడా చివరిదాకా వదల్లేదు. 1936 జనవరి 16న బాడ్ నౌహైమ్ పట్టణంలో కన్నుమూశాడు. వయసు 56. 1923లో చేసిన ఆ పాతిక కెమెరాల్లో 105 నంబరుది అతను సొంతానికి వాడుకున్నది. వ్యూఫైండర్ మీద అతని పేరు చెక్కి ఉంటుంది. 2022 జూన్‌లో వెట్స్‌లార్‌లోనే దాన్ని వేలం వేస్తే 1 కోటి 44 లక్షల యూరోలు పలికింది. మన డబ్బుల్లో వంద కోట్ల పైమాటే.