విడిచిన ఊపిరిని శక్తిగా మలచిన ఆల్ఫ్రెడ్ బ్యూకి

కమ్మరి కొలిమిలో తిత్తి ఊదిన కొలదీ నిప్పు ప్రజ్వరిల్లుతుంది. గాలి చాలనప్పుడు బొగ్గు ఎంత పోసినా పొగయే మిగులుతుంది. డీజిల్ ఇంజను కూడా ఒక విధమైన కొలిమియే. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావలసి ఉన్నది. కావున ఇంజను బలమునకు హద్దు గీచేది ఇంధనం కాదు, గాలి. ఉర్దూలో దమ్ అనగా ఊపిరి; అదే మాట తెలుగులో దమ్ముగా మారి ఊపిరికీ బలానికీ రెంటికీ చెల్లుతున్నది. ఇంజను విషయంలో ఈ రెండర్థాలూ ఒక్కటేనని నిరూపించిన మహాశయుని జీవితమును మన విద్యార్థులకు పరిచయం చేయదలచినాము.

ఆల్ఫ్రెడ్ బ్యూకి 1879 జూలై 11వ తేదీన స్విట్జర్లాండులోని వింటర్‌తూర్ నగరంలో జన్మించారు. తండ్రి ఆ ఊరిలోని ప్రసిద్ధమైన సుల్జర్ యంత్ర కర్మాగారంలో ఉన్నతోద్యోగి. యంత్రాల చప్పుడు మధ్య పెరిగిన ఆ బాలుడు జ్యూరిక్ సాంకేతిక విద్యాపీఠంలో చదివి 1903లో పట్టం పొందారు. అనంతరం బెల్జియం, ఇంగ్లండు దేశాలలో ఇంజనీరుగా పనిచేశారు.

ఆ దినాలలో ఆయన మనస్సును కలచివేసిన విషయమొక్కటే. ఇంజనులో కాలిన ఇంధనపు శక్తిలో ఇంచుమించు మూడవ వంతు, వేడి పొగ రూపంలో గొట్టం గుండా వ్యర్థంగా పోతున్నది. ఆ పొగతో ఒక టర్బైన్ చక్రాన్ని త్రిప్పి, అదే ఇరుసుకు మరొక చక్రాన్ని అమర్చి, దానితో బయటి గాలిని నొక్కి సిలిండర్లలోనికి పంపరాదా? ఈ భావనకు ఆయన 1905 నవంబరు 16న జర్మనీలో పేటెంటుకై దరఖాస్తు చేశారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియారు సంవత్సరాలు.

భావన పుట్టుటకు ఒక క్షణం చాలును. ఫలించుటకు ఇరువది ఏండ్లు పట్టినది. స్వదేశానికి తిరిగివచ్చి సుల్జర్‌లో చేరిన తరువాత ఎన్నో ప్రయోగాలు సాగించారు. అవి నమ్మదగిన యంత్రాన్ని ఇవ్వలేదు. నాటి టర్బైన్లు, కంప్రెసర్ల దక్షత స్వల్పం. పొగ బయటకు పోవడానికి ఎదురయ్యే ఒత్తిడి, లోనికి వచ్చే గాలి ఒత్తిడిని మించిపోయేది. సాయం చేయవలసిన యంత్రమే భారమైనది. అయినను బ్యూకి తన ఆలోచనను విడిచిపెట్టక, దోషం ఎక్కడ ఉన్నదో వెదకినారు.

1925లో ఆయనకు మార్గం కనిపించినది. సిలిండర్లన్నిటి పొగను ఒకే గొట్టంలో కలుపక, ఒకదాని పొగ మరొకదానికి అడ్డు రాకుండ వేర్వేరు గొట్టాలలో టర్బైన్‌కు చేర్చినారు. పైగా లోనికి, బయటకు పోవు కవాటాలు రెండూ కొంతసేపు తెరచియుండునట్లు అమర్చి, మిగిలిన పొగను క్రొత్త గాలితోనే ఊడ్చివేయించినారు. ఆ కాలముననే ప్రాయ్‌సెన్, హాన్జెష్టాట్ డాన్‌జిగ్ అను జర్మను ప్రయాణికుల ఓడల ఇంజన్ల బలం 1750 అశ్వశక్తి నుండి 2500కు పెరిగినది. 1926లో బ్రౌన్ బోవెరి, స్విస్ లోకోమోటివ్ సంస్థలతో కలిసి ఆయన ఈ పద్ధతి వ్యాప్తికై ఒక కూటమిగా ఏర్పడినారు.

ఆయన అంతకాలం పోరాడినది పొంతన కొరకని మా అభిప్రాయం. ఇంజనుకు తగిన కంప్రెసరును నేడు కాగితంపైననే ఎంచుకొనవచ్చును. ఆరు లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. రెండు చుట్లకొకసారి గాలి పీల్చును గనుక నిమిషానికి 6000 లీటర్లు, అనగా 6 ఘనపు మీటర్లు. సిలిండర్లు నూటికి తొంబది వంతులే నిండునని లెక్కిస్తే 5.4. మన నెల్లూరు తీరాన 35 డిగ్రీల ఎండలో ఘనపు మీటరు గాలి సుమారు 1.14 కిలోలు తూగును. కావున ఇంజనుకు చేరేది నిమిషానికి 6.2 కిలోలు.

కంప్రెసరు ఒత్తిడిని రెట్టింపు చేస్తే గాలి కూడా రెట్టింపగునా? కాదు. నొక్కిన గాలి వేడెక్కును. దక్షత 70 శాతమైతే ఉష్ణోగ్రత 130 డిగ్రీలు దాటును. గాలి ఒకటిన్నర రెట్లే పెరిగి 9.4 కిలోలగును. దానిని 60 డిగ్రీలకు చల్లబరచినచో 11.4 కిలోలు చేరును. చల్లబరచే పెట్టె విలువ ఇందువలన తేటపడును.

ఈ అంకెలను కంప్రెసరు పటంపై గుర్తించవలెను. అడ్డముగా గాలి పరిమాణం, నిలువుగా ఒత్తిడి నిష్పత్తి ఉండును. తయారీదారులు దానిని నిర్ణీత ఉష్ణోగ్రతకు గీయుదురు గనుక మన ఎండకు తగిన సవరణ చేసికొనవలెను. భూగోళ పటంలో కొండల ఎత్తులు చూపు వలయాల వలె, మధ్యనున్న వలయాలు దక్షతను చూపును. మన బిందువు లోపలి వలయంలో పడిన జోడి కుదిరినట్లే. ఎడమనున్న సర్జ్ గీతను దాటితే గాలి వెనుకకు తన్నుకొని చక్రాలు కంపించును. కుడి అంచును దాటితే చక్రం ఎంత తిరిగినా అదనపు గాలి రాదు.

బ్యూకి భావన ఫలం మన దేశానికీ అందినది. 1962లో మొదట దిగుమతియై, తరువాత వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.-2 రైలు ఇంజన్ల 2600 అశ్వశక్తికి టర్బోచార్జరే ఆధారం. నేడు కృష్ణపట్నం రేవుకు వచ్చే పెద్ద ఓడలలోను, జాతీయ రహదారిపై సాగే లారీలలోను ఆ చక్రమే తిరుగుచున్నది.

బ్యూకి 1959 అక్టోబరు 27న, ఎనుబదియవ ఏట, తాను పుట్టిన వింటర్‌తూర్‌లోనే కన్నుమూశారు. క్రొత్త శక్తి కొరకు ఆయన దూరం పోలేదు. అందరూ వదలివేసిన పొగలోనే దానిని చూచినారు. ఓటమి కలిగినపుడు భావనను నిందింపక లెక్కను సరిచూచినారు. పరీక్షలో తప్పినంతనే చదువును వదలివేయు విద్యార్థులు మన మధ్యనున్నారు. అట్టివారు ఈ ఇరువది ఏండ్ల కథను ఒక్కసారి తలచుకొందురు గాక అని మేము కోరుచున్నాము.