జైల్లో కౌన్సిల్ మీటింగ్

డిస్నీ వాళ్ల బ్యూటీ అండ్ ది బీస్ట్ చూసినవాళ్లకి అందులో మాట్లాడే టీపాట్ గుర్తుండే ఉంటుంది. ఆ టీపాట్‌కి గొంతిచ్చిన నటి ఏంజెలా లాన్స్‌బరీ. ఒకరోజు రాత్రి ఆవిడ గురించి చదువుతూ పోతే వాళ్ల తాతగారు తగిలారు. ఇక ఆ రాత్రి నాకు నిద్ర లేదు, మర్నాడు ఇంటర్నల్‌లో మార్కులూ లేవు. అంత తినేసిన ఆ పెద్దాయన పేరు జార్జ్ లాన్స్‌బరీ.

1859 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని సఫోక్ జిల్లాలో, దారిసుంకం వసూలు చేసే ఒక చిన్న ఇంట్లో పుట్టాడు. తండ్రి రైలుమార్గాల పనుల్లో కూలి. పని ఎక్కడుంటే కుటుంబం అక్కడికి. అలా తిరిగి తిరిగి చివరికి తూర్పు లండన్ చేరారు. జార్జ్ పెద్దగా చదువుకోలేదు, చిన్న వయసులోనే పనిలో పడ్డాడు. 1880లో బెస్సీని పెళ్లి చేసుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత, ఆస్ట్రేలియా వెళ్తే బతుకు బాగుపడుతుందన్న ప్రచారం నమ్మి పిల్లల్ని వెంటేసుకుని ఓడెక్కాడు. తీరా వెళ్తే అక్కడ పని దొరకడమే గగనం. 1885లో తిరిగొచ్చేసి, తనలాగ ఇంకొకరు మోసపోకూడదని ఊరూరా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన రాజకీయ జీవితం అక్కడ మొదలైంది.

ఆయన స్థిరపడింది పోప్లర్ అనే పేటలో. పక్కనే థేమ్స్ నది, దాని ఒడ్డున ఓడరేవులు. ఈస్టిండియా డాక్స్, వెస్టిండియా డాక్స్ అక్కడివే. మన దేశం నుంచి వెళ్లిన సరుకు ఎంతో ఆ చుట్టుపక్కలే దిగేది. దింపే కూలీకి మాత్రం రోజూ పని ఉంటుందన్న గ్యారంటీ లేదు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి. పిలిస్తే ఆ పూట కూలి, లేకపోతే ఖాళీ చేతుల్తో ఇంటికి.

పని లేనివాళ్లని ఆదుకోవడం అప్పట్లో కేంద్ర ప్రభుత్వం పని కాదు. ఏ పేటలో పేదలుంటే ఆ పేటవాళ్లే స్థానిక పన్ను వసూలు చేసి పోషించుకోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. హాస్టల్లో ఏ బ్లాకులో జ్వరం వస్తే ఆ బ్లాకువాళ్లే చందాలేసుకుని మందులు కొనాలని రూల్ పెట్టారనుకోండి. ఎక్కువమంది మంచం పట్టిన బ్లాకులోనే డబ్బులు తక్కువ ఉంటే ఏమవుతుంది? పోప్లర్‌కి అదే అయింది. అక్కడ ఇళ్ల విలువ తక్కువ. ఒకే రేటున పన్ను వేసినా, ధనవంతులుండే వెస్ట్‌మినిస్టర్‌లో వచ్చేదాంట్లో పోప్లర్‌కి దాదాపు తొమ్మిదో వంతే వచ్చేది. పేదలేమో పోప్లర్‌లోనే ఎక్కువ. అంటే అవసరం పెరిగినకొద్దీ పన్ను పెంచాలి, కట్టేది మళ్లీ ఆ పేదలే.

లాన్స్‌బరీ 1890ల మొదట్లోనే పేదల సహాయ బోర్డుకి ఎన్నికై ఈ వ్యవస్థని లోపలినుంచి చూశాడు. 1905 నుంచి 1909 దాకా దీని మీద నడిచిన రాయల్ కమిషన్‌లో సభ్యుడిగా ఉండి, బియాట్రిస్ వెబ్‌తో కలిసి మైనారిటీ నివేదిక మీద సంతకం పెట్టాడు. 1910లో పార్లమెంటుకి వెళ్లాడు. రెండేళ్లకే, ఆడవాళ్లకి ఓటు హక్కు కావాలంటూ రాజీనామా చేసి మళ్లీ పోటీకి దిగి ఓడిపోయాడు. గెలిచే సీటు వదులుకోవడం ఆయనకి అలవాటేమో అనిపిస్తుంది!

1919లో పోప్లర్ కౌన్సిల్‌లో 42 సీట్లకి 39 లేబర్ పార్టీ గెలిచింది. లాన్స్‌బరీ మేయరయ్యాడు. కౌన్సిల్ కార్మికులకి వారానికి కనీసం 4 పౌండ్ల జీతం పెట్టారు, ఆడా మగా తేడా లేకుండా. వందేళ్ల క్రితం మాట ఇది. ఈలోగా యుద్ధానంతర మాంద్యం వచ్చిపడింది. డాకుల్లో పని పోయింది, సహాయం కోసం క్యూలు పెరిగాయి.

పోప్లర్ తన ఖర్చులతో పాటు లండన్ కౌంటీ కౌన్సిల్, పోలీసు, నీళ్ల బోర్డు, ఆసుపత్రుల బోర్డు లాంటి పై సంస్థల కోసం కూడా పన్ను వసూలు చేసి పంపాలి. 1921లో కౌన్సిల్ ఒక నిర్ణయం తీసుకుంది. పై సంస్థల వాటా వసూలు చేయం, పేదల ఖర్చుని లండన్ అంతా కలిసి మోసేలా చట్టం తెచ్చేదాకా ఇంతే అని. కౌంటీ కౌన్సిల్ కోర్టుకెళ్లింది. జులై 29న కౌన్సిలర్లు పేట నుంచి హైకోర్టుకి సుమారు అయిదు మైళ్లు ఊరేగింపుగా నడిచి వెళ్లారు, ముందు బ్యాండుమేళం, వెనక జనం. కోర్టు పన్ను వేయమంది, వీళ్లు వేయలేదు. సెప్టెంబరు మొదటి వారంలో 30 మంది కౌన్సిలర్లని జైల్లో పెట్టారు. 25 మంది మగవాళ్లు బ్రిక్స్టన్‌కి, అయిదుగురు ఆడవాళ్లు హాలోవేకి. లాన్స్‌బరీతో పాటు ఆయన కొడుకు ఎడ్గార్, కోడలు మిన్నీ కూడా వెళ్లారు. అప్పటికి పెద్దాయన వయసు 62.

జైల్లో కూడా వీళ్లు ఊరుకోలేదు. కౌన్సిల్ నడవాలి కాబట్టి మీటింగులు బ్రిక్స్టన్ జైల్లోనే పెట్టుకున్నారు. హాలోవే నుంచి మహిళా కౌన్సిలర్లని కారులో తీసుకొచ్చేవారు. బయట జనం చేరితే లాన్స్‌బరీ సెల్ కిటికీ ఊచల్లోంచే ప్రసంగించేవాడు. పక్క పేటలు స్టెప్నీ, బెత్నాల్ గ్రీన్ కూడా ఇదే దారి పట్టేసరికి లాయిడ్ జార్జ్ ప్రభుత్వానికి చెమటలు పట్టాయి. అక్టోబరు 12న అందర్నీ వదిలేశారు. వాళ్లు నిర్ణయం మార్చుకోలేదు. కొద్ది వారాల్లోనే పార్లమెంటు చట్టం చేసి, పేదల సహాయం ఖర్చులో పెద్ద భాగాన్ని లండన్ పేటలన్నిటికీ పంచింది.

గెలిచారు. కానీ ఊరికే గెలవలేదు. 1922 జనవరి 1న మిన్నీ న్యుమోనియాతో చనిపోయింది. 32 ఏళ్లు. జైలు ఆమెని బాగా బలహీనపరిచింది.

కేంద్రం కూడా మర్చిపోలేదు. 1925లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ 4 పౌండ్ల జీతం మరీ ఎక్కువని కొట్టేసింది. 1926లో, మాట వినని సహాయ బోర్డుల్ని తీసేసి తన మనుషుల్ని పెట్టుకునే అధికారాన్ని మంత్రి చట్టం ద్వారా తెచ్చుకున్నాడు. డబ్బు పంచుతాం కానీ పగ్గాలు మాత్రం మా చేతిలోనే అన్నట్టు.

ఆ తర్వాత ఆయన మంత్రి అయ్యాడు, లండన్ హైడ్ పార్క్ చెరువులో మామూలు జనం ఈతకొట్టే చోటు ఏర్పాటు చేయించాడు. 1932 నుంచి లేబర్ పార్టీ నాయకుడు. యుద్ధం ఏ రూపంలోనూ వద్దనే పట్టుదలతో 1935లో ఆ పదవీ వదిలేశాడు. హిట్లర్‌ని కలిసి నచ్చజెప్పబోయాడు కూడా. అక్కడ ఆయన లెక్క తప్పింది, అది ఒప్పుకోవాలి. 1940 మే 7న కన్నుమూశాడు.

మనకీ ఆయనకీ సంబంధం ఉంది. అనీబిసెంట్ తయారు చేయించిన భారత స్వపరిపాలన బిల్లుని 1925లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రవేశపెట్టింది ఈయనే. 1931లో గాంధీజీ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లినప్పుడు పెద్ద హోటల్లో కాకుండా బస చేసిన కింగ్స్‌లీ హాల్ ఈయన పేటలోనే ఉంది. ఇంకో చిత్రం. పోప్లర్ జైలుకెళ్లిన 1921లోనే మన చీరాల-పేరాల జనం మున్సిపాలిటీ పన్ను మోయలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరే ఖాళీ చేసి గుడిసెలేసుకున్నారు. ఒకరికొకరు తెలియదు. ప్రశ్న మాత్రం ఒకటే. మా మీద వేసే పన్ను ఎంతో, ఎవరి కోసమో తేల్చేది ఎవరు?

74వ సవరణ వచ్చి ముప్పై ఏళ్లు దాటినా మా ఊళ్లో కాలువ పూడిక తీయమంటే నిధులు పైనుంచి రావాలనే జవాబే వస్తోంది. చట్టం మీరొచ్చా అంటే నా దగ్గర తేలికైన సమాధానం లేదు. కానీ ఈసారి మున్సిపల్ ఎన్నికలొస్తే, కౌన్సిలర్‌గా నిలబడినవాళ్లని రోడ్డు గురించి ఒక్కటే అడగను. పైవాళ్లు డబ్బివ్వకపోతే నువ్వేం చేస్తావని కూడా అడుగుతాను.