వినికిడి పోయినా భాషను వదలని గిడుగు

ఏటా ఆగస్టు 29న మీ పిల్లల బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులు పుట్టినరోజు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మీకు తెలిసిందే. ఆయనకు చెవుడు ఉండేదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

గిడుగు 1863లో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు. చుట్టుపక్కల కొండల్లోని సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలనుకున్నారు. ఆ భాషకు పుస్తకాలు లేవు. సవరల నోట విని నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు నడిపారు.

ఆ తిరుగుళ్లలోనే మలేరియా పట్టుకుంది. అప్పట్లో దానికి మందు క్వినైన్. అది వాడటంతో ఆయన వినికిడి శాశ్వతంగా దెబ్బతింది. క్వినైన్ మోతాదు ఎక్కువైతే చెవిలో హోరు మొదలై, వినికిడి తగ్గుతుంది. చాలామందిలో మందు ఆపితే సర్దుకుంటుంది, కొందరిలో ఉండిపోతుంది. ఇప్పటికీ జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు, కొన్ని క్యాన్సర్ మందులు చెవికి హాని చేయగలవు. అవి వాడేటప్పుడు చెవిలో హోరు వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి.

చెవుడు వచ్చినా గిడుగు పని ఆపలేదు. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు వెలువడ్డాయి. అప్పటికి ఆయన వయసు 75.

ఆయనకు వినికిడి తగ్గిన రోజుల్లో చెవికి ఆసరా అంటే శబ్దాన్ని పోగుచేసి లోపలికి పంపే గొట్టాలే. ఇవాళ మీకు ఎన్నో రకాల మిషన్లున్నాయి. చిక్కల్లా ఎంపికలోనే.

నూజివీడులో రసాల కోతలు ముగిశాక తోటల పెద్దలు షుగరు చూపించుకోవడానికి మా ఓపీకి వస్తారు. కొందరు జేబులోంచి చిక్కుడు గింజంత మిషన్ తీసి, పనిచేయడం లేదంటారు. నలుగురికీ కనపడకూడదని చెవి లోపల ఇమిడిపోయే రకం కొన్నారు. షుగరుతో వేళ్లు తిమ్మిరెక్కి బ్యాటరీ మార్చలేకపోతున్నారు. చెమట, గులిమి దాని రంధ్రాన్ని మూసేస్తున్నాయి. మిషన్ మంచిదే, ఆ మనిషికి తగినది కాదు.

చెవి లోపల పెట్టుకునే చిన్న రకం కొద్దిపాటి, మధ్యస్థ లోపానికి, చక్కగా పనిచేసే వేళ్లకు సరిపోతుంది. చెవి వెనుక పెట్టుకుని, సన్నని తీగతో స్పీకరును చెవిలో ఉంచే రకం, మాట వినిపిస్తున్నా పదం తెలియని వాళ్లకు ఎక్కువగా నప్పుతుంది. లోపం తీవ్రంగా ఉంటే చెవి వెనుక మిషన్, చెవి కొలతకు చేసిన అచ్చు కావాలి. పిల్లలకూ ఇదే మంచిది. చేతులు వణికే పెద్దలకు పెద్ద మీటలున్న జేబు మిషన్ పాతదే అయినా పనికొస్తుంది.

కొనేముందు ఈఎన్‌టీ డాక్టరు చేత గులిమి, కర్ణభేరి చూపించుకోండి. చీము కారుతుంటే ముందు దానికి వైద్యం చేయించుకోవాలి. తర్వాత ఆడియోమెట్రీ చేయించుకోండి. రెండు చెవుల్లోనూ లోపముంటే సాధారణంగా రెండు మిషన్లు మేలు. దుకాణంలోనే బ్యాటరీ మీ చేత్తో మార్చి చూడండి. రాత్రి తుడిచి, తేమ పీల్చే డబ్బాలో ఉంచండి. కొత్త శబ్దాలకు మెదడు అలవాటు పడేందుకు కొన్ని వారాలు పడుతుంది. తొలిరోజే గోలగా ఉందని పక్కన పడేయకండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మాత్రం మిషన్ సంగతి తర్వాత, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

లోపం ఎక్కువగా ఉండి సదరం ధ్రువపత్రం ఉంటే, ఆదాయ పరిమితికి లోబడి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద ఉచితంగా పొందే వీలుంది.

1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలవడంతో గిడుగు రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఈసారి ఆగస్టు 29న పిల్లలకు ఆయన కథ చెప్పేటప్పుడు, పక్క గదిలో టీవీ సౌండు పెంచుకుని కూర్చున్న తాతయ్యనూ పిలవండి. ఆయన వినికిడి పరీక్షకు రోజు కూడా అప్పుడే ఖాయం చేసుకోండి.