మీసాల తల్లి: కొడుకు చదువు కోసం వెతుకుతూ బడి కట్టిన వకీలు గిజుభాయి

1913లో కొడుకు పుట్టేనాటికి గిజుభాయి బధేకాకు 27 ఏళ్లు. కాఠియావాడ్ ప్రాంతంలో వకీలుగా అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్నారు. వీడిని ఏ బడిలో వేయాలి? ప్రతి తండ్రికీ వచ్చే ప్రశ్నే ఆయనకూ వచ్చింది. తాను చదివిన బడులు గుర్తుకొస్తే బెత్తం, బట్టీ తప్ప పెద్దగా ఏమీ కనిపించలేదు. ఆ బడికి కొడుకును పంపడానికి మనసొప్పలేదు. గుజరాత్‌లో ఆయన కథ చెప్పేవాళ్లంతా ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

ఆయన అసలు పేరు గిరిజాశంకర్. 1885 నవంబర్ 15న సౌరాష్ట్రలోని చిత్తల్‌లో పుట్టారు. చదివింది భావ్‌నగర్‌ శామల్‌దాస్ కాలేజీలో. గాంధీ కొన్ని నెలలు చదివి మానేసిన కాలేజీ అదే. 1907లో బతుకుదెరువు కోసం తూర్పు ఆఫ్రికా వెళ్లారు. 1909లో తిరిగొచ్చి బొంబాయిలో న్యాయశాస్త్రం చదివారు. ఆఫ్రికా వెళ్లొచ్చిన కాఠియావాడ్ వకీలు అనగానే దేశానికి ఒక్కరే గుర్తొస్తారు. ఈ రెండో ఆయన పేరు గుజరాత్ దాటాక ఉపాధ్యాయులకు, బాలసాహిత్యం మీద ఆసక్తి ఉన్నవారికి తప్ప పెద్దగా తెలియదు.

కొడుకు చదువు గురించి ఆరా తీస్తూ ఆయన వసో ఊరికి వెళ్లారు. బరోడా సంస్థానంలో ఊరూరా గ్రంథాలయాలు పెట్టించిన మోతీభాయి అమీన్‌ది ఆ ఊరే. మారియా మాంటిస్సోరి ఆలోచనలు గిజుభాయికి పరిచయమైంది అక్కడే. రోమ్‌లోని పేదల వాడలో 1907లో మొదటి శిశుగృహం తెరిచిన డాక్టర్ ఆవిడ. పిల్లల చేతికి పని ఇచ్చి, పెద్దలు పక్కకు జరిగి గమనించాలన్నది ఆవిడ పద్ధతి. వకీలు ఆ పుస్తకాలను కేసు ఫైలు చదివినంత శ్రద్ధగా చదివారు. మాంటిస్సోరిని ఆయన ఎన్నడూ కలవలేదు. ఆవిడ 1939 చివర్లో మద్రాసు వచ్చారు. అప్పటికి కొద్ది నెలల ముందే ఆయన కన్నుమూశారు.

భావ్‌నగర్‌లో నానాభాయి భట్ 1910లో మొదలుపెట్టిన దక్షిణామూర్తి విద్యార్థి భవన్‌లో గిజుభాయి 1916లో చేరారు. మర్రిచెట్టు కింద ముసలి శిష్యులు, కుర్ర గురువు ఉన్న ఆ దేవుడి పేరు బడికి పెట్టడం నాకు ఎప్పుడూ సరదాగా అనిపిస్తుంది. అక్కడ ఆయనకు అప్పగించింది హైస్కూలు పిల్లలను. కొత్త పద్ధతులు వాళ్లమీద ప్రయత్నించారు. ఆ వయసుకు వచ్చేసరికే భయం, మార్కుల యావ, పక్కవాడితో పోటీ పిల్లల్లో పాతుకుపోయి ఉన్నాయని ఆయనకు అర్థమైంది. మార్పు ఇంకా కింద నుంచి, మాటలు పూర్తిగా రాని వయసు నుంచి మొదలవ్వాలన్న నిర్ణయానికి వచ్చారు. 1920లో రెండున్నరేళ్ల నుంచి పిల్లలను చేర్చుకునే బాల్‌మందిర్ తెరిచారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. 1913లో పుట్టిన కొడుకుకు 1920 నాటికి ఏడేళ్లు. బాల్‌మందిర్ వయసు దాటిపోయింది. కొడుకు కోసం వకాలత్ వదిలి పసిపిల్లల బడి పెట్టారన్న కథ చెప్పుకోవడానికి బాగుంటుంది. నిజానికి ఆ గది తయారయ్యేసరికి అందులో కూర్చోవలసిన పిల్లవాడు పెద్దవాడైపోయాడు. తండ్రి వెతుక్కున్న చదువు ఊళ్లోని ఇతరుల పిల్లలకు దక్కింది. ఇప్పుడు హైదరాబాద్‌, బెంగళూరు, పుణె లాంటి నగరాల్లో పిల్లలను బడి మాన్పించి, నాలుగైదు కుటుంబాలు కలిసి చదువు చెప్పుకునే తల్లిదండ్రులకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. ఐదేళ్ల పిల్లల కోసం ఏర్పాట్లు కుదిరేలోపు వాళ్లకు ఏడేళ్లొస్తాయి, వెనక తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చి చేరతారు. ఎవరిని ఎవరితో కూర్చోబెట్టాలన్నదే మొదటి తగువు.

బాల్‌మందిర్‌లో ఈ తగువు పెద్దగా లేదు. మాంటిస్సోరి పద్ధతిలో మూడు నాలుగేళ్ల తేడా ఉన్న పిల్లలు ఒకే గదిలో ఉంటారు. బొత్తాలు పెట్టుకోవడం ఐదేళ్ల పిల్ల మూడేళ్లవాడికి నేర్పుతుంది. నేర్పుతూ తనూ గట్టిపడుతుంది. గిజుభాయి దీన్ని తీసుకున్నారు గానీ మక్కీకి మక్కీ దింపలేదు. విదేశీ సామగ్రి ఖరీదు ఎక్కువ కాబట్టి స్థానికంగా తయారు చేయించారు. పాటలు, నాటకాలు, తోటపని జోడించారు. అన్నిటికంటే ముఖ్యంగా కథలు పెట్టారు. చిన్నపిల్లలకు ఊహాకథలు చెప్పడం మాంటిస్సోరికి ఇష్టం లేదు. గిజుభాయి మాత్రం ఈ విషయంలో గురువును పక్కనపెట్టి అమ్మమ్మల వైపు నిలబడ్డారు. సౌరాష్ట్ర ఇళ్లలో చెప్పుకునే కాకి కథలు, రాజుల కథలు పోగుచేసి, పిల్లల నోట్లో ఆడే మాటలతో తిరిగి రాశారు. ఏ వయసుకు ఏ కథ, ఎలా చెప్పాలన్నదాని మీద ఏకంగా ఒక శాస్త్రగ్రంథమే రాశారు. చిన్నవి, పెద్దవి కలిపి ఆయన పుస్తకాలు దాదాపు 200 ఉంటాయి. గుబురు మీసాలతో పిల్లల మధ్య కూర్చునే ఆయనకు మీసాల తల్లి అని పేరొచ్చింది. గుజరాతీలో మూఛాళీ మా.

పిల్లలతో ఆయనకు వచ్చిన చిక్కు తక్కువ. చిక్కంతా పెద్దవాళ్లతోనే. కొట్టకుండా చదువు ఎలా వస్తుందని అడిగేవాళ్లు, ఆడిస్తూ కూర్చుంటే అక్షరాలు ఎప్పుడని నిలదీసేవాళ్లు. అందుకే తల్లిదండ్రుల కోసం విడిగా రాశారు. అమ్మానాన్నలు కావడం ఎంత కష్టమో చెప్పే పుస్తకం అందులో ఒకటి. 1932 ప్రాంతంలో వచ్చిన దివాస్వప్న ఈ పోరునే కథగా చెబుతుంది. లక్ష్మీరామ్ అనే మాస్టారు విద్యాధికారి అనుమతి తీసుకుని, మామూలు బడిలో నాలుగో తరగతిని ఒక ఏడాదిపాటు తన పద్ధతిలో నడుపుతాడు. మొదటిరోజు వేసుకెళ్లిన ప్రణాళిక ఘోరంగా దెబ్బతింటుంది. మౌనం పాటిద్దామంటే క్లాసంతా గోల. చివరికి అతన్ని గట్టెక్కించేది కథలే. తల్లిదండ్రులను సమావేశానికి పిలిస్తే వచ్చేది కొద్దిమంది. పగటి కల పేరుతో తెలుగులోనూ వచ్చిన ఈ పుస్తకంలో నాకు నచ్చేది ఆ మొదటిరోజు వైఫల్యమే. విద్యావేత్తలు రాసిన పుస్తకాల్లో రచయిత ఓడిపోయే పేజీలు అరుదు.

అదే రోజుల్లో అహ్మదాబాద్‌లో మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయి, ఆయన భార్య సరళాదేవి తమ ఎనిమిది మంది పిల్లల కోసం సొంత బంగళాలోనే బడి పెట్టుకున్నారు. మాంటిస్సోరి ప్రభావం అక్కడా ఉంది. దేశ విదేశాల టీచర్లు వచ్చి చెప్పేవారు. అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయి ఆ ఇంటి బడిలోనే చదివారు. ఒకే ఆలోచన ఒకచోట ఒక కుటుంబానికి, మరోచోట ఊళ్లోని పిల్లలకు పనికొచ్చింది. డబ్బున్న తల్లిదండ్రులు తమ పిల్లలకు మంచి బడి కట్టుకోగలరు. లేనివాళ్ల సంగతేమిటన్నది గిజుభాయికీ పూర్తిగా తేలని ప్రశ్న. బాల్‌మందిర్ కూడా ప్రధానంగా చదువుకున్న మధ్యతరగతి ఇళ్లకే అందింది. పట్నం, ఫీజు, తీరిక ఉన్న తల్లి, ఇవన్నీ ఉంటేనే మూడేళ్ల పిల్ల పొద్దున్నే బడికి చేరుతుంది.

ఆ ప్రశ్నను మోసుకెళ్లింది తారాబాయి మోదక్. రాజ్‌కోట్‌లో మహిళా ట్రైనింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ ఉద్యోగం వదిలి 1920ల మొదట్లో భావ్‌నగర్ వచ్చిన మరాఠీ మహిళ ఆవిడ. ఇద్దరూ కలిసి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1926లో నూతన్ బాల్ శిక్షణ్ సంఘ్ స్థాపించారు, శిక్షణ్ పత్రిక నడిపారు. గిజుభాయి 1936లో దక్షిణామూర్తి నుంచి బయటికొచ్చారు. ఇరవై ఏళ్లు ఇచ్చిన సంస్థ అది. 1938లో రాజ్‌కోట్‌లో మళ్లీ కొత్తగా టీచర్ల శిక్షణ మొదలుపెట్టారు. ఆరోగ్యం సహకరించలేదు. 1939 జూన్ 23న బొంబాయిలో మరణించారు. అప్పటికి 53 ఏళ్లు.

తారాబాయి 1945లో థానే జిల్లా బోర్డీకి, తర్వాత కోస్బాడ్ కొండకు వెళ్లారు. అనూతాయి వాఘ్ ఆవిడకు తోడయ్యారు. అక్కడివాళ్లు వార్లీ ఆదివాసులు. బాల్‌మందిర్ కడితే పిల్లలు రారు. అందుకని బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకెళ్లారు. ఆంగన్ అంటే వాకిలి. 1975లో కేంద్రం మొదలుపెట్టిన శిశు అభివృద్ధి పథకంలో ఊరూరా వెలసిన అంగన్‌వాడీల పేరు వెనక ఆ వాకిలే ఉంది. పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక బయళ్లలోనే క్లాసులు పెట్టారు.

పెద్దపిల్లలు బడికి రాకపోవడానికి కారణం ఇంట్లో చంటిపిల్లను చూసుకునే పని అని తేలాక, చంటిపిల్లల కేంద్రం, బాలవాడీ, ప్రాథమిక పాఠశాల మూడూ ఒకేచోట నడిపారు. దానికి వికాస్‌వాడీ అని పేరు. ఎనిమిదేళ్ల అక్క చెల్లిని చంకనెత్తుకుని వచ్చి, ఒక గదిలో దించి, పక్క గదిలో తన పలక తీసుకునేది. మన చట్టం వయసుకు తగిన తరగతి అంటూ పిల్లలను విడదీస్తుంది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117 జీవో కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది.