వెలుగు గీసిన బొమ్మ, చేయి అద్దిన రంగు: రాజా దీన్‌దయాళ్



పాత ఇళ్లలో గోడకు వేలాడే రంగుల ఫొటోలు మీరు చూసే ఉంటారు. వాటిలో ముఖం ఫొటోదే. తలపాగా ఎరుపు, నగల పసుపు మాత్రం ఎవరో కుంచెతో అద్దినవి. రంగుల ఫిల్ము రాకముందు మన దేశంలో ఇది ఒక వృత్తిగా సాగింది. ఆ కాలపు ఫొటోగ్రాఫర్లలో ప్రముఖుడైన రాజా దీన్‌దయాళ్ జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఉద్యోగం నుంచి కెమెరా వైపు

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివారు. 1866లో ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. కట్టడాల ఖర్చు అంచనా వేయడం, వాటి నక్షాలు గీయడం ఆయన పని. ఈ పనికి గీత తెలియాలి, కొలత తెలియాలి. కెమెరా పట్టినప్పుడు ఆ రెండూ ఆయనకు అక్కరకు వచ్చాయి.

సుమారు ముప్ఫై ఏళ్ల వయసులో ఆయన ఫొటోగ్రఫీ మొదలుపెట్టారు. ఇండోర్ పాలకుడు రెండవ తుకోజీరావు హోల్కర్ ప్రోత్సహించారు. 1882లో బ్రిటిష్ అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట పర్యటించి, మధ్య భారతంలోని ప్రాచీన కట్టడాలను ఫొటోలు తీశారు. అవి 1886లో పుస్తకంగా వెలువడ్డాయి.

ఇక్కడ ఆయన ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. నెల జీతం వచ్చే ఉద్యోగమా, రాబడి ఎంతో తెలియని వృత్తా? ఆయన వృత్తినే ఎంచుకున్నారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు.

ఫొటో ఎలా అచ్చయ్యేది?

అప్పట్లో కెమెరాలో గాజు పలక వాడేవారు. రసాయనం పూసిన కాగితం మీద ఆ పలక ఉంచి ఎండలో పెడితే బొమ్మ దిగేది. కాగితానికి ఇనుప లవణాలు పూస్తే బొమ్మ నీలంగా వస్తుంది. ఈ పద్ధతిని 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ కనుగొన్నారు. దీనినే సయనోటైప్ అంటారు. ఇంజనీర్ల బ్లూప్రింట్ దీని నుంచే వచ్చింది. కోడిగుడ్డు తెల్లసొన, వెండి లవణాలు పూసిన కాగితం మీద బొమ్మ గోధుమ రంగులో వస్తుంది. ఆనాటి స్టూడియోలలో ఎక్కువగా వాడింది ఈ కాగితమే.

రెండు పద్ధతుల్లోనూ వచ్చేది ఒక్కటే రంగు. పైగా ఆనాటి పలకలు ఎరుపును సరిగా గుర్తించలేవు. ఎర్ర తలపాగా ఫొటోలో నల్లగా, నీలాకాశం తెల్లగా కనిపించేవి. కాబట్టి అసలు రంగులు తెలిసిన మనిషి కుంచె పట్టక తప్పేది కాదు.

చిత్రకారులకు కొత్త పని

ఫొటోలు వచ్చాక చిన్న బొమ్మలు వేసే చిత్రకారుల జీవనోపాధికి దెబ్బ తగిలింది. వారిలో కొందరు స్టూడియోలలోనే చేరారు. అచ్చయిన ఫొటో మీద నీటి రంగులు వేసేవారు. నగలకు బంగారు పూత అద్దేవారు. ఒక్కోసారి వెనుక తెరనంతా కొత్తగా చిత్రించేవారు. తాతల నాటి పనితనం కొత్త కాగితం మీద బతికింది. దీన్‌దయాళ్ స్టూడియో నుంచి కూడా ఇలా రంగులు వేసిన చిత్రాలు వెలువడ్డాయి.

పరదా పాటించే స్త్రీలకు ఫొటో దిగే వీలు ఉండేది కాదు. వారి కోసం 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టి, నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు. 1894లో నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1896లో బొంబాయిలో మరో స్టూడియో ప్రారంభమైంది.

1905లో దీన్‌దయాళ్ మరణించారు. ఆయన తీసిన గాజు పలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. పలక భద్రంగా ఉంటే బొమ్మను మళ్లీ అచ్చు వేయవచ్చు. కాని చేత్తో రంగులు వేసిన కాగితం ఒక్కటే ఉంటుంది. అది పోతే, దానిపై పనిచేసిన చిత్రకారుని శ్రమా పోతుంది. ఆ చిత్రకారులలో చాలామంది పేర్లు ఫొటోల మీద లేవు.

ఆలోచించండి

మీ ఇంట్లో పాత ఫొటో ఉంటే వెలుతురులో పరిశీలించండి. కెమెరా పని ఎంతవరకు, చేతిపని ఎంతవరకు? ఐదు వాక్యాలలో రాయండి.